మూత కనిపించాలి

మేస్త్రి అసలు పేరేమిటో ఆ వీధిలో సగం మందికి తెలియదు. అందరికీ అతను వాలు మేస్త్రి. ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళకు మురుగు పైపులు వేస్తున్నాడు. "నాలుగడుగులకు అంగుళం వాలు" అనే మాట రోజుకు ఎన్నిసార్లు అంటాడో లెక్కపెట్టే ఓపిక వాళ్ళావిడకు ఎప్పుడో పోయింది. ఎక్కడికి వెళ్ళినా అతని కన్ను ముందు నేల మీద పడుతుంది. పెళ్ళి కుదిరిన కొత్తలో అత్తగారింటికి మొదటిసారి వెళ్ళినప్పుడూ అంతే. ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమంటే, ఈయనగారు వరండా అంచు దాకా వెళ్ళి, వంగి చూసి, "ఏమండీ, మీ వరండా వాలు ఇంటివైపు ఉంది. వానొస్తే నీళ్ళు గదిలోకి రావూ?" అని అడిగాడు.

వస్తాయి. ప్రతి వానకూ వస్తాయి. అయితే మాత్రం, కాబోయే అల్లుడు అడగాల్సిన మాటేనా అది? ఆవిడ మొహం మాడిపోయింది. ఆ రోజు మాడిన మొహం ఇరవై మూడేళ్ళయినా పూర్తిగా తేరుకోలేదని మేస్త్రి నమ్మకం.

అత్తగారు కూడా ఏం తక్కువ తినలేదు. చుట్టాల్లో ఎవరడిగినా "మా అల్లుడు నీళ్ళ ఇంజనీరు" అని చెప్పుకొచ్చింది. మురుగు అనే మాట ఆవిడ నోటివెంట రాదు. అల్లుడి ఎదురుగానే ఒకసారి అలా అంటే అతను నోరు తెరవబోయాడు. భార్య కొంగు చాటు నుంచి గట్టిగా గిల్లింది. అతను నోరు మూసుకున్నాడు. అప్పట్నించీ అత్తగారి వైపు చుట్టాలందరికీ అతను ఇంజనీరే. వాళ్ళింట్లో కూర్చున్నప్పుడు చేతులు వెనక్కి పెట్టుకొని కూర్చునేవాడు పాపం, గోళ్ళలో సిమెంటు ఎవరికైనా కనిపిస్తుందేమోనని.

ఒక్క విషయంలో మాత్రం మేస్త్రి ఆవిడకు మనసులో దణ్ణం పెట్టుకునేవాడు. మేస్త్రి ఇంటి ముందు, గేటుకూ గుమ్మానికీ మధ్య, ఎండ బాగా తగిలే చోట, ఒక సిమెంటు అరుగు ఉంది. ఇరవై రెండేళ్ళ కింద, కూతురు పుట్టినప్పుడు, అతను దూరపు ఊళ్ళో పెద్ద పని మీద మూడు నెలలు ఉండిపోయాడు. కాన్పుకు సాయం వచ్చిన అత్తగారే ఇల్లు చూసుకుంది. తిరిగొచ్చేసరికి పొత్తిళ్ళలో కూతురు, వాకిట్లో కొత్త పలకలు, పలకల మధ్య అరుగు. "అమ్మ కట్టించింది" అంది భార్య. రోజంతా గోతుల్లో వంగి పనిచేసేవాడికి కాళ్ళు చాపుకోవడానికి అరుగు! సంచీ దించకుండానే వెళ్ళి దాని మీద కూర్చున్నాడు. అత్తగారికి తన సంతోషం చెప్పలేదనుకోండి. చెప్పుకునేంత చనువు ఆ ఇద్దరి మధ్య ఎక్కడిది? కానీ ఎన్ని గొడవలైనా, సాయంత్రం వచ్చి ఆ అరుగు మీద కూర్చొని టీ తాగుతుంటే, "మనసులో మంచిదేలే" అనుకొని క్షమించేసేవాడు.

పోయిన నెల అత్తగారు జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే అయింది గానీ, ఆవిడ ఇప్పుడు ఉండేది మూడో అంతస్తు. ఇక ఆ మెట్లు మర్చిపొమ్మన్నాడు డాక్టరు. "మా ఇంటికి రామ్మా" అంది మేస్త్రి భార్య. ఆవిడ వద్దనలేదు, ఒక షరతు పెట్టింది.

"నేను పడుకునే చోటే స్నానాలగది ఉంటే వస్తా. లేదంటే ఈ ఆసుపత్రి వాళ్ళు నడిపే వృద్ధుల విశ్రాంతి గృహానికే పోతా. అల్లుడింట్లో మంచం మీద బెడ్‌పాన్ పెట్టించుకునే ఖర్మ నాకొద్దు" అంది.

మేస్త్రి ఇంట్లో స్నానాలగది, మరుగుదొడ్డి అన్నీ పైన ఉన్నాయి. పదహారు మెట్లు. కింద హాలు, వంటిల్లు, అతను పనిముట్లు పడేసుకునే గది, అంతే. విశ్రాంతి గృహంలో ఒక మంచం ఖాళీగా ఉందనీ, కావాలో వద్దో పై వారం శుక్రవారం మధ్యాహ్నం లోపల చెప్పాలనీ ఆసుపత్రి వాళ్ళు గడువు పెట్టారు. శనివారం ఇంటికి పంపేస్తారు.

"అమ్మని అక్కడికి పంపితే నేను బతికున్నంతకాలం తినే ప్రతి ముద్దా గొంతులో అడ్డం పడుతుందండీ" అంది భార్య. ఆవిడ ఊరికే ఏడ్చే మనిషి కాదు. అందుకే మేస్త్రి ఆ రాత్రే పనిముట్ల గది ఖాళీ చేయడం మొదలుపెట్టాడు.

పది రోజుల్లో గదిని మంచం గదిగా, దాని మూలను స్నానాలగదిగా మార్చాడు. తోడుగా అతని పాత జతగాడు రేడియో. యాభై ఏళ్ళ మనిషి, గునపం పట్టుకుంటే బండరాయి కూడా దారిస్తుంది. కానీ నోరు మూతపడదు, అందుకే ఆ పేరు. గది గోడ దగ్గర్నించి వాకిట్లో ఉన్న పాత మురుగు లైను దాకా కందకం తవ్వారు. అడుగున రాయి లేకుండా ఏరి, ఇసుక పరిచి, దాని మీద నాలుగంగుళాల పైపు పడుకోబెట్టారు. మేస్త్రి అడుగడుగునా రసమట్టం పెట్టి వాలు చూశాడు.

"మీ అత్తగారు వాడే పైపు కదా గురూ, కొంచెం వాలు ఎక్కువ పెట్టేయ్. ఆవిడ కోపం కూడా తొందరగా కొట్టుకుపోద్ది" అన్నాడు రేడియో.

"వాలు ఎక్కువైతే నీళ్ళు ముందు పరిగెత్తుతాయి, మిగతాది అక్కడే కూర్చుంటుంది. నోర్మూసుకొని ఇసుక పొయ్యి" అన్నాడు మేస్త్రి.

పాత లైనుకు కలిపే చివరి ముక్క మాత్రం అతకలేదు. తనిఖీ అయి, కాగితం మీద సంతకం పడేదాకా అతకకూడదు. కందకం కూడా పూడ్చకూడదు. మేస్త్రి ముప్ఫై ఏళ్ళలో ఈ రెండు నియమాలూ ఒక్కసారి తప్పలేదు. తప్పినవాళ్ళతో తవ్వించి మళ్ళీ వేయించిన చరిత్ర ఉంది అతనికి.

బుధవారం పొద్దున్నే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ముప్ఫై ఏళ్ళయినా నిండని అమ్మాయి. పెద్ద బూట్లు, చంకలో ఫైలు. ఆరేళ్ళ కిందట పురపాలక ఆఫీసు వాళ్ళు కొత్త ఉద్యోగులకు తరగతులు పెట్టి, పాఠం చెప్పమని మేస్త్రిని పిలిచారు. ఆ తరగతిలో ముందు వరుసలో కూర్చొని అన్నీ రాసుకున్న పిల్ల ఈమె. మన పిల్లే కదా, చూసీచూడనట్టు పోతుందనుకున్నాడు రేడియో. మేస్త్రి అలా అనుకోలేదు. ముందు వరుసలో కూర్చునేవాళ్ళ సంగతి అతనికి తెలుసు.

ఆమె కందకంలోకి దిగింది. పైపు కింద వేళ్ళు పోనిచ్చి ఇసుక తడిమింది. తన రసమట్టం తీసి తనే పెట్టి చూసుకుంది. మంచినీళ్ళ పైపు ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిచింది. కలిపే చోట పైపు నిలువుగా గుద్దుకోకుండా, ప్రవాహం వైపు వాలి చేరుతోందా అని వంగి చూసింది. తర్వాత మేస్త్రి పైపు చివర బిరడా బిగించి, ఇవతల నిలువు గొట్టం నిండా నీళ్ళు పోసి, నీటి అంచు దగ్గర సుద్దతో గీత గీశాడు. పావుగంట ఆ నీళ్ళు ఆ గీత దగ్గరే నిలవాలి. వెంట్రుకవాసి దిగినా ఎక్కడో అతుకు కారుతున్నట్టే.

"కూర్చోండి మేడమ్, మా అత్తగారు కట్టించిన అరుగు" అన్నాడు మేస్త్రి గర్వంగా.

ఇన్‌స్పెక్టరమ్మ అరుగు మీద కూర్చొని, చేతి గడియారం వంకా సుద్దగీత వంకా మార్చి మార్చి చూసింది. పావుగంట గడిచింది. నీళ్ళు కదల్లేదు. మేస్త్రి మీసం చాటున నవ్వుకున్నాడు. ఆమె ఫైలు తెరిచి, పసుపు పచ్చగా మారిన ఒక పటం తీసింది.

"అంతా బాగుంది మేస్త్రిగారూ. పాత లైను మూత ఎక్కడుంది?"

"ఏ మూత?"

"కొత్త లైను కలుపుతున్నారంటే పాతది కూడా చూడాలి కదండీ. ఇంటి గోడకు పదడుగుల లోపల, లైను శుభ్రం చేయడానికి తెరిచే మూత ఉండాలి. ఈ పటంలో ఎనిమిదడుగుల దగ్గర ఉంది. కింద సంతకం మీదే."

సంతకం అతనిదే. ఇరవై రెండేళ్ళ కింది సంతకం, ఇంకా పొగరు తగ్గని సంతకం. మేస్త్రి వాకిలంతా చూశాడు. పలకలున్నాయి, పూలకుండీలున్నాయి, అరుగుంది. మూత లేదు. ఆ లైను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పూడుకొని అడ్డం పడలేదు. పడి ఉంటే మూత కోసం వెతికేవాడు. పడకపోబట్టి దాని ఊసే మర్చిపోయాడు.

"పెట్టాను మేడమ్. ఒట్టు. పలకల కింద ఎక్కడో ఉండుంటుంది."

"మీరే చెప్పారు కదండీ." ఆమె వేళ్ళు మడుస్తూ పాఠం అప్పజెప్పింది. "మూత కంటికి కనిపించాలి. నేల మట్టానికి ఉండాలి. దాని మీద ఏమీ ఉండకూడదు. మూడో మాట చెప్పేటప్పుడు మీరు బల్ల గుద్దారు కూడా."

రేడియో కిసుక్కున నవ్వి, మేస్త్రి చూపు చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

"నాకూ అనుమతి ఇవ్వాలనే ఉంది. కానీ లేని మూతకు సంతకం పెట్టలేను" అంది ఇన్‌స్పెక్టరమ్మ. ఆ అమ్మాయి గొంతులో నిజంగానే బాధ ఉంది. "శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ వస్తాను. ఈ లోపల వెతకండి."

ఆమె వెళ్ళగానే మేస్త్రి టేపు తీశాడు. గోడ దగ్గర దాని కొస రేడియో పట్టుకున్నాడు. పాత లైను వెంట ఎనిమిదడుగులు లాగితే, టేపు వెళ్ళి అరుగు మీదికెక్కింది.

మేస్త్రి టేపు వంక చూశాడు. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ అరుగే. తన పటమే తప్పయి ఉంటుందన్నాడు. అరుగుకు ఇవతల రెండు పలకలు లేపి తవ్వాడు. పైపు ఉంది, మూత లేదు. అవతల తవ్వాడు. అక్కడా అంతే. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి తన కొలత తప్పవ్వాలని కోరుకున్నాడు ఆ మనిషి. కొలత తప్పలేదు.

రేడియో నోటి నుంచి ఒక్క మాట రాలేదు. అది చూసి మేస్త్రికి ఇంకా భయమేసింది.

భార్య టీ పట్టుకొని బయటికొచ్చి, రెండు గోతులూ మధ్యలో అరుగూ చూసి ఆగిపోయింది.

"దీని కిందే ఉంది" అన్నాడు మేస్త్రి. "మీ అమ్మ నా మూత మీద కట్టించింది. నా కాళ్ళ కోసం కాదు. నా కోసం కానే కాదు. నా పని ఎవరికీ కనపడకూడదని కట్టించింది. నేను, వెర్రిముఖాన్ని, ఇరవై రెండేళ్ళు దాని మీదే కూర్చొని టీ తాగాను."

"అమ్మకి తెలియకపోవచ్చు కదండీ."

"మూత మీద సిమెంటు పోయించేటప్పుడు మూత కనపడలేదా?"

ఆవిడకూ తెలియదు. అప్పుడు తను బాలింత. మంచం మీద నుంచి లేచి వాకిట్లోకి వచ్చింది నలభై రోజుల తర్వాతే. టీ కప్పు పలక మీద పెట్టి అంది. "పగలగొట్టక తప్పదు, అర్థమైంది. కానీ అమ్మకి చెప్పకుండా పగలగొట్టకండి. ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ అడుగుతోంది, అరుగు బాగుందా, అరుగు అలాగే ఉందా అని. దాని మీద ఎంత ఇష్టం పెట్టుకుందో. వచ్చాక అది లేదని చూస్తే, ఇల్లు మార్చేశారు, నాకిక్కడ చోటు లేదు అని వెళ్ళిపోతుందేమో."

"అయితే నువ్వే చెప్పు."

"నేను చెప్తే మీరు పంపించారంటుంది. మీరే చెప్పండి."

మేస్త్రి ఆ రోజు టీ తాగలేదు. తాగడానికి కూర్చోవాలి, కూర్చోవడానికి ఉన్నది ఆ అరుగే.

గురువారం పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని ఆసుపత్రికి వెళ్ళాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళ మాటలు, పదునుగా, వరసగా. వార్డులో కిటికీ పక్క మంచం మీద అత్తగారు దిండ్లకు ఆనుకొని కూర్చుంది. ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి. ఇప్పుడు పక్కబట్టల్లో సగమైపోయి కనిపించింది. మేస్త్రి కూర్చుకున్న మాటల్లో సగం అక్కడే జారిపోయాయి.

"రండి అల్లుడుగారూ. గది అయిందా?"

"అయిందండీ. అన్నీ అయ్యాయి. ఒక్కటే మిగిలింది. వాకిట్లో అరుగు..." అని ఆగాడు. "అరుగు పగలగొట్టాలి అత్తయ్యగారూ."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది.

"దాని కిందే ఉంది" అంది. "మీ మూత."

"మీకు తెలుసన్నమాట."

"నేనే కదా మూయించాను. రోజూ అమ్మాయిని అడుగుతున్నా, అరుగు అలాగే ఉందా అని. పైపుల పని జరుగుతోంది కదా, ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుందని నా భయం. ఎవరో తవ్వి చెప్తే ఏ మొహం పెట్టుకొని ఆ గుమ్మంలో అడుగుపెట్టను? విశ్రాంతి గృహానికి పోతానన్నది కూడా సగం అందుకే."

మేస్త్రి మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు.

"పాపను చూడ్డానికి మా వదిన వచ్చింది" అంది ఆవిడ. "గేటు తీసి లోపలికి వస్తూనే ఆ ఇనప మూత చూసి, ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది. వాసనా లేదు, ఏమీ లేదు. అయినా పెట్టుకుంది. ఇంజనీరు ఇంటి ముందు ఇదేంటి వదినా అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే తాపీమేస్త్రిని పిలిచి అరుగు కట్టించా. మీరు వచ్చి అడుగుతారు, పెద్ద గొడవ చేస్తారు అనుకున్నా. మీరేమో వచ్చి, దాని మీద కూర్చొని, చిన్నపిల్లాడిలా సంబరపడిపోయారు. నా కోసమే కట్టించారు అని ఎవరితోనో చెప్తుంటే విన్నా. ఆ రోజు నోరు తెరిచి నిజం చెప్పలేకపోయా. తర్వాత ఇక ఎప్పటికీ చెప్పలేకపోయా."

పక్క మంచం ఆవిడ నిద్రలో మూలిగింది. అత్తగారు గొంతు తగ్గించింది.

"ఇక్కడికొచ్చిన మూడో రోజు ఈ వార్డు మరుగుదొడ్డి అడ్డం పడింది. రెండు రోజులు. ఇరవై మంది ఆడవాళ్ళం, సగం మంది లేవలేనివాళ్ళం. ఆ నరకం నేను చెప్పను, మీరు అడక్కండి. ఆ మర్నాడు ఒకతను వచ్చాడు. మీ ఈడే. బూట్ల నిండా బురద. మధ్యాహ్నం దాకా కష్టపడి బాగుచేశాడు. వార్డంతా హమ్మయ్య అనుకుంది. అతను వెళ్తుంటే ఒక్కరంటే ఒక్కరు మంచినీళ్ళు కావాలా అని అడగలేదు. నేను పిలిచి నా టీ అతనికిచ్చా. తీసుకోవడానికి ఎంత సిగ్గుపడ్డాడో. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అచ్చం మీలాగే."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"మా అల్లుడికి నేను ఎప్పుడైనా నా చేత్తో టీ ఇచ్చానా అని ఆ రోజంతా ఆలోచించా. గుర్తు రాలేదు. ఒక్కసారి కూడా గుర్తు రాలేదు నాయనా. పగలగొట్టు ఆ అరుగు. ముక్కలు కూడా వాకిట్లో ఉంచకు."

కూర్చుకొచ్చిన మాటల్లో ఒక్కటీ మిగల్లేదు మేస్త్రి దగ్గర. లేచి, ఆవిడ దుప్పటి అంచు సరిచేసి, "శనివారం వస్తానండీ మిమ్మల్ని తీసుకెళ్ళడానికి" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "మీ మంచం తల వైపు కొంచెం దిగింది. నర్సుతో చెప్తాను." చెప్పాడు కూడా.

ఇంటికి రాగానే ఇస్త్రీ చొక్కా విప్పి సమ్మెట తీసుకున్నాడు. రేడియో అందుకోబోతే ఇవ్వలేదు. మొదటి దెబ్బ వేసే ముందు మాత్రం ఒక్క క్షణం అరుగు మీద కూర్చున్నాడు. ఎంతైనా ఇరవై రెండేళ్ళు మోసింది. కూతురు మొదటి అడుగులు వేసింది దీన్ని పట్టుకొనే. తర్వాత లేచి, కొట్టడం మొదలుపెట్టాడు. ఆ కాలపు సిమెంటు, అంత సులువుగా లొంగలేదు. గంటకు పైగా పట్టింది.

కింద మూత ఉంది. తుప్పు పట్టింది గానీ వంకర పోలేదు. చుట్టూ సిమెంటు పట్టీ మీద, పచ్చిగా ఉన్నప్పుడు మేకుతో గీసిన తేదీ కూడా అలాగే ఉంది. అతను ఆ తేదీ చూసి, కూతురు పుట్టడానికి సరిగ్గా ఐదు రోజుల ముందు అని లెక్కేసుకున్నాడు. ఇద్దరూ కలిసి మూత ఎత్తారు. టార్చి వేసి చూస్తే, లోపల గోడలకు నాచు కూడా లేదు. భార్య వంటింట్లో వదిలిన నీళ్ళు సన్నగా, ఎక్కడా ఆగకుండా, వీధి వైపు సాగిపోయాయి.

"అబ్బ! ఏం వాలు గురూ, ఏం వాలు!" అన్నాడు రేడియో. అప్పుడు మొదలైన మాటలు సాయంత్రం దాకా ఆగలేదు. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది.

మూత తుప్పు గీకి నల్లరంగు వేశారు. పలకలు నేల మట్టానికి మళ్ళీ పరిచారు. శుక్రవారం ఎనిమిది కొట్టేసరికి ఇన్‌స్పెక్టరమ్మ గేటు దగ్గరుంది. మూత చూసింది, ఎత్తించి లోపల చూసింది, చేత్తో మట్టం తడిమి చూసింది. తర్వాత అరుగు కోసం చుట్టూ చూసింది.

"నేను మొన్న కూర్చున్నది..." అంది.

"దాని మీదేనండీ" అన్నాడు మేస్త్రి.

ఆమెకు నవ్వాగలేదు. మేస్త్రికీ ఆగలేదు. నవ్వుతూనే కాగితం మీద సంతకం పెట్టింది. అతను చివరి ముక్క అతికి, అరగంటసేపు దాని పక్కనే గొంతుకూర్చొని కాపలా కాశాడు, అది ఎక్కడికో పారిపోతుందన్నట్టు. తర్వాతే ఇద్దరూ కందకం పూడ్చారు. పదకొండింటికి భార్య ఆసుపత్రికి ఫోను చేసి, "ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చేయండి. మా అమ్మ మా ఇంటికొస్తోంది" అని చెప్పింది. ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆవిడ ఊరికే ఏడ్చే మనిషి కాదని ముందే చెప్పాను.

శనివారం అత్తగారు చక్రాల కుర్చీలో వచ్చింది. కుర్చీ నెడుతున్న రేడియోని గేటు దగ్గర ఆగమని, నిగనిగలాడుతున్న నల్లటి మూత వంక చూసింది. ఏమీ అనలేదు. గదిలోకి వెళ్ళాక, స్నానాలగది తలుపు దగ్గర మేస్త్రి ఒక ఎర్ర రబ్బరు బంతి పట్టుకొని నిలబడ్డాడు. అది అతని పద్ధతి. లైను పూర్తయ్యాక ఆ ఇంటివాళ్ళు తమ చేత్తో మరుగుదొడ్డిలో బంతి వేసి నీళ్ళు వదలాలి, తను బయట మూత దగ్గర పట్టుకోవాలి. బంతి వచ్చిందంటే అన్నీ వస్తాయి. ఇరవై రెండేళ్ళ కింద ఈ ఇంటి లైను పూర్తయిన రోజు భార్య నిండు నెలల మనిషి, వంగలేదు. అత్తగారిని అడిగితే "ఛీ, అదేం పాడు సరదా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు బంతి అతనే వేసి, అతనే పరిగెత్తి పట్టుకున్నాడు.

ఇప్పుడు అడగడానికి కొంచెం జంకాడు. ఆవిడే చెయ్యి చాపింది.

"ఇటివ్వు. మూత దగ్గరికి వెళ్ళు. తొందరగా వెళ్ళు, అది నీకన్నా ముందు వెళ్ళిపోతుందేమో."

మేస్త్రి నిజంగానే పరిగెత్తాడు. మూత తీసి బోర్లా పడుకొని చెయ్యి లోపలికి పెట్టాడు. లోపల్నించి నీళ్ళ చప్పుడు, ఆ వెంటే ఎర్ర బంతి గిర్రున తిరుగుతూ వచ్చి అరచేతిలో పడింది. "వచ్చేసింది!" అని కేక పెట్టాడు. గదిలోంచి భార్య నవ్వూ, అత్తగారి నవ్వూ కలిసి వినిపించాయి. అత్తగారు అలా నవ్వగలదని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకుంది. అత్తగారి వదిన, చేతిలో పళ్ళ సంచితో. మోచేతుల దాకా తడిసి, చేతిలో ఎర్ర బంతితో, మురుగు మూత పక్కన బోర్లా పడుకున్న ఇంజనీరును చూసి నోరెళ్ళబెట్టింది. మేస్త్రి గబుక్కున లేచి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

భార్య కుర్చీ నెడుతుంటే అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "ఇక్కడ కాదు, ఎండలోకి" అని, సరిగ్గా మూత పక్కకు, పాత అరుగు ఉన్నచోటికి నెట్టించుకుంది.

"ఏంటొదినా ఇది? మీ అల్లుడు నీళ్ళ ఇంజనీరు కదా?" అంది వదినగారు, చేతిగుడ్డ వెతుక్కుంటూ.

"కాదొదినా. నేనే అబద్ధం చెప్పా." అత్తగారి గొంతు తొణకలేదు. "మా అల్లుడు మురుగు పైపులు వేస్తాడు. ఈ ఊళ్ళో ఇంత బాగా వేసేవాళ్ళు లేరట, ఇన్‌స్పెక్టరమ్మకే పాఠాలు చెప్పాడట. ఈ మూత చూశావా? ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు అడ్డం పడలేదు. మీ ఇంట్లో నెలకోసారి అడ్డం పడుతుందని ఏడుస్తావుగా, అడుగు, వచ్చి చూస్తాడు."

వదినగారు చేతిగుడ్డ బయటికి తీయలేదు. ఒక్క క్షణం ఆలోచించి, "ఎప్పుడొస్తావు బాబూ?" అని అడిగింది.

మేస్త్రి వినలేదు. భార్య టీలు తెచ్చింది. తన చేతికి వచ్చిన కప్పును అత్తగారు తాగకుండా అతని వైపు చాపి పట్టుకొని ఉంది. అతను చేతులు ముందుకు తెచ్చి చొక్కాకు తుడుచుకున్నాడు, అయినా బురద పోలేదు. అలాగే కప్పు అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు. తర్వాత కప్పు నేల మీద పెట్టి, చటుక్కున ఆవిడ కాళ్ళ దగ్గర వంగి కుర్చీ చక్రం తడమడం మొదలుపెట్టాడు.

"ఏమైంది నాయనా?"

"ఏం లేదత్తయ్యా. కుర్చీ కొంచెం అటు వాలింది. సరిచేస్తున్నా."

వాలు లేదు. ఆ పలకలు అతనే రసమట్టం పెట్టి పరిచాడు, వెంట్రుకవాసి తేడా లేదక్కడ. ఆ సంగతి రేడియోకి తెలుసు, భార్యకు తెలుసు. ఇద్దరూ అటు తిరిగి నిలబడ్డారు. అతను తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది. అప్పటిదాకా అతని టీ మీద సాసరు మూసి ఉంచమని అత్తగారు తన కూతురికి చెప్పింది.